మన గళ్ళ గుడ్డకు పరదేశములలో పేర్లెన్నో!

తాను కోసి వర్తకునికి అప్పగించిన తరువాత ఆ గుడ్డ ఏ దేశము చేరినదో, ఎవరు కట్టుకొన్నారో మనకు సాధారణముగా తెలియదు. కూలి లెక్కతోనే మన ఎరుక ముగియును. అందుచేత మద్రాసు గళ్ళ రుమాలు చేసిన ప్రయాణమును గూర్చి కొన్ని వింత సంగతులు ఈ సంచికలో మనవి చేయదలచినాము.

పేరుకు ఇది మద్రాసు రుమాలు. కాని నేసినది ఆ పట్టణ మొక్కటే కాదు. పులికాట్, చీరాల, పేరాల మొదలగు చోట్ల రంగునూలుతో పడుగు పేకలు కలిపి, ఇంచుమించు గజము చదరమున కొక రుమాలు వచ్చునట్లు గళ్ళు వేసి నేసెడివారు. డచ్చివారు 1610 నాటికే పులికాట్‌లో వర్తకము పెట్టిరి. ఇంగ్లీషువారు 1640 నుండి మద్రాసులో సెయింట్ జార్జి కోట కట్టుకొనిరి. ఓడ కెక్కించినవారు వారు. అందుచేత గుడ్డకు రేవు పేరు నిలిచినది గాని నేతగాని పేరు నిలువలేదు.

ఆఫ్రికాలోని నైజీరియా దేశమున, నైజర్ నది సముద్రములో కలియు చోట కలబారి అను జాతివారు గలరు. వారు మన గళ్ళ గుడ్డను 'ఇంజిరి' అందురు. అదే దేశములోని ఇబోవారు 'జార్జి' అందురు. కోట పేరే అట్లు మిగిలినదట! కలబారి వారింట పెద్దలు మరణించినప్పుడు శవము నుంచు గదిని, మంచమును ఈ గుడ్డలతో అలంకరింతురు. పూర్వుల నాటి గుడ్డలను పెట్టెలలో దాచి తరతరములకు అందింతురు.

అంతకంటె వింత యింకొకటి. మనము శ్రమపడి కలిపిన పోగులను వారి స్త్రీలు కోసివేయుదురు! బ్లేడుతోనో చిన్న కత్తితోనో లేతరంగు పోగులను ఒక్కొక్కటిగా లేపి, కోసి, లాగివేయుదురు. మిగిలిన ముదురు పోగులలో జాలివలె క్రొత్త నమూనా తేలును. దీని పేరు 'పెలెటె బిటె', అనగా కోసిన గుడ్డ. ఇంగ్లండు మిల్లులు నకళ్ళు పంపినప్పుడు వీరు వాసన చూచి, చేతితో తడిమి అసలు మగ్గపు గుడ్డను పోల్చుకొనెడివారట.

రెండవ ప్రయాణము దుఃఖకరమైనది. ఐరోపా వర్తకులు మన దేశపు నూలుగుడ్డలను ఆఫ్రికా తీరమున ఇచ్చి మనుష్యులను బానిసలుగా కొని, కరిబియను దీవుల చెరకు తోటలకు తోలిరి. నేసిన మన పూర్వులకు ఈ సంగతి తెలిసియుండదు. తెలిసిన మనము దాచరాదు. ఆ బానిసల సంతతి స్త్రీలు ఆ గళ్ళ రుమాలునే తలకు చుట్టుకొనిరి. ఉత్తర అమెరికాలోని లూసియానాలో 1786లో స్పానిషు గవర్నరు, స్వతంత్రులైన నల్లజాతి స్త్రీలు తల కప్పుకొని తీరవలెనని శాసించెను. వారిని తక్కువ చేయుటకే ఆ శాసనము. వారు రంగుల రుమాళ్ళు సొగసుగా చుట్టి దానినే అలంకారము చేసికొనిరి. మార్టినీక్, గ్వాడెలూప్ దీవులలో తలగుడ్డకు ఒక కొస నిలిపినచో మనసు ఖాళీ అనియు, రెండైనచో మనసిచ్చినదనియు, మూడైనచో పెండ్లి యైనదనియు చెప్పుకొందురు. సెయింట్ లూసియా, డొమినికా దేశముల జాతీయ వేషమున నేటికిని ఈ గళ్ళే. పేరు నేటికిని 'మద్రాసు'.

ఇది కాలక్షేపమునకే వ్రాయలేదు. వేల మైళ్ళ దూరమున మన నేతను చేతితో తడిమి గుర్తించినవారున్నారు. వారికి మన పేరు తెలియదు, మనకు వారి పేరు తెలియదు. మీ యిండ్లలో తాతల నాటి గళ్ళ నమూనా ముక్కలున్నచో వానిని మసిగుడ్డలు కానీయకుడు. నేసిన ఊరు, నేసిన వారి పేరు కాగితముపై వ్రాసి, దానికి కుట్టి దాచుడు. వర్తకుడు వ్రాయని పేరును మనమే వ్రాసికొనవలెను.