నార తీసే సూక్ష్మజీవులు

తొప్పూరు కనుమ చుట్టుపక్కల మెట్ట రైతులకు జనుము తెలియని పైరు కాదు. పూతకు ముందు దున్నేస్తే పచ్చిరొట్ట. కోసి నీళ్లలో ఊరవేస్తే పగ్గానికి నార. ఊరవేసిన కట్టను నీళ్లే మెత్తబరుస్తాయని అనుకుంటాం. నిజానికి ఆ పని చేసేది నీళ్లలోని బాక్టీరియా.

బెరడులో నారపోగులు పెక్టిన్ అనే జిగురుతో అతుక్కుని ఉంటాయి. బాక్టీరియా ఎంజైములను వదిలి ఆ జిగురును కరిగించి తింటుంది, పోగులు విడిపోతాయి. లినెన్ బట్టకు నారనిచ్చే అవిసెకూ ఇదే దారి. మనం గింజల కోసం పండించే అవిసె కూడా ఆ జాతిదే. ఐరోపాలో దాన్ని ఎక్కువగా చేలోనే పరుస్తారు. మంచు తడికి పెరిగే బూజులే అక్కడ కూలీలు!

చిక్కు ఎక్కడంటే, నారకు బలమిచ్చే సెల్యులోజును తినే సూక్ష్మజీవులు కూడా చెరువు నీళ్లలోనే ఉంటాయి. కట్ట ఎక్కువ రోజులు ఉంటే నార పీలికలవుతుంది. ముందే తీస్తే బెరడు వదలదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గోగు రైతులకు ఈ బాధ బాగా తెలుసు. జనపనారకూ గోగుకూ ఉపయోగపడేలా పశ్చిమ బెంగాల్‌లోని బారక్‌పూర్ కేంద్ర జనపనార పరిశోధన సంస్థ 'క్రైజాఫ్ సోనా' అనే పొడిని రూపొందించింది. అందులో ఉన్నవి బాసిల్లస్ పుమిలస్ అనే బాక్టీరియాలో 3 రకాలు. కట్టల వరుసల మధ్య చల్లితే ఊరే కాలం 6, 7 రోజులు తగ్గుతుంది. నాకు మాత్రం ఆ వేగం కంటే ఎంపికే గొప్పగా తోస్తుంది. జిగురును తినేవి, సెల్యులోజు జోలికి పోనివి, ఏరి మరీ తీశారు.

పొడి ఉన్నా లేకపోయినా కొన్ని జాగ్రత్తలు తప్పవు. మొదళ్లు లావు కాబట్టి ఆలస్యంగా ఊరతాయి. గోగు కట్టలను ముందు రెండు మూడు రోజులు మొదళ్లు మునిగేలా నిలబెట్టి, తర్వాత పడుకోబెట్టాలి. బరువుకు బురదమట్టి వేయవద్దు. మట్టిలోని ఇనుము తగిలి నార నల్లబడుతుంది. పదో రోజు దాటాక రోజూ ఒక కర్ర తీసి మొదలు దగ్గర లాగి చూడండి. బెరడు జారి వచ్చిన రోజే కడగాలి. జనుమైతే ఇంకా తొందరగా ఊరుతుంది, ముందునుంచే చూడాలి.

ఇక నీళ్లు. ఊరవేసిన గుంటలో ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి, కంపు సరేసరి. మన మెట్ట ఊళ్లలో పశువులు తాగే కుంట ఒక్కటే ఉంటే అందులో కట్ట వేయకండి. వేరే చిన్న గుంట తవ్వుకోండి.