బండి లాగాలి... ఆగాలి కూడా!

ఇంట్లో బండి కొనే మాట వచ్చిందంటే ఆడవాళ్ళను అడిగే ప్రశ్నలు రెండే రెండు. "ఏ రంగు బాగుంది?" అనేది ఒకటి. "గాజులు ఎప్పుడిస్తావు?" అనేది రెండోది. ఇంజను సంగతి, బ్రేకుల సంగతి మగవాళ్ళు చూసుకుంటారట! చూసుకుంటే సంతోషమే. కానీ బ్యాంకులో కుదువ పెట్టేది మన బంగారమైనప్పుడు ఆ బండి ఎంత లాగుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవడం మన పని కూడా కదూ!

మా అనంతపురం సీమలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత దేశంలో ఇంత తక్కువ వాన మాకేనని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. ఇక్కడ వేరుశనగ పోతే ఒక పంటే పోయినట్టు. చీనీ చెట్టు ఎండితే మాత్రం ఏళ్ళ తరబడి బిడ్డలా పెంచిన కష్టమంతా పోయినట్టే. అందుకే బోరు ఎండిన వేసవిలో చెట్టును కాపాడుకోవడానికి నీళ్ళు బండిమీద తెచ్చి పోస్తారు.

కళ్యాణదుర్గం దగ్గరి పల్లెలో మా తోడికోడలికి అదే పరిస్థితి వచ్చింది. మిగిలిన ఎకరంలో వంద చెట్లున్నాయి. చెట్టుకు వారానికి నాలుగు బిందెలు, అంటే 60 లీటర్లు పోస్తే ప్రాణం నిలుస్తుంది. వంద చెట్లకూ కలిపి 6,000 లీటర్లు. నీళ్ళున్న బావి నాలుగు కిలోమీటర్ల దూరం. బాడుగ ట్రాక్టరు కోసం వేసవిలో ఊరంతా ఎగబడుతుంది. పైగా అర్ధరాత్రి అత్తగారికి ఆయాసం వస్తే ట్రాక్టరు మీద ఆసుపత్రికి తీసుకుపోలేం కదా! అందుకని మనుషులు కూర్చునేలా ఉండి, వెనక చిన్న నీళ్ళ ట్రైలరు లాగే పాత బండి ఏదైనా కొందామని మా మరిది బయలుదేరాడు.

"అక్కా, నాలుగు గాజులూ పెట్టల్లంటాండాడు. బండి మంచిదో కాదో ఎట్ల తెలిసేది?" అని తను అడిగింది. మేమిద్దరం నోటు పుస్తకం పట్టుకుని, తెలిసిన మెకానిక్ ముందు కూర్చుని రాసుకున్న సంగతులే ఇవన్నీ.

ముందు నీళ్ళ బరువు

బండి చూడకముందే లెక్క వేయాల్సింది బరువు. లీటరు నీళ్ళు ఒక కిలో. వెయ్యి లీటర్లంటే టన్ను. ట్యాంకు, ఇనుప చట్రం, చక్రాలు కలిపితే దగ్గర దగ్గర టన్నున్నర. లాగే బండి మరో టన్నున్నర అనుకోండి. 20 అడుగులకు ఒక అడుగు లేచే ఎత్తు ఎక్కాలంటే ఈ మూడు టన్నులూ కలిసి 150 కిలోల బలంతో వెనక్కి గుంజుతాయి. 50 కిలోల బియ్యం బస్తాలు మూడింటిని తాడుకు కట్టి బావిలో వేలాడదీసినంత అన్నమాట! మట్టిరోడ్డు గుంజుడు దీనికి అదనం.

ఐరోపా దేశాల్లో కార్లకు వెనక ఇల్లు లాంటి ట్రైలర్లు కట్టుకుని సెలవులకు పోవడం మామూలే. అక్కడి నిబంధన ఒకటి మనకూ పనికొస్తుంది. సొంత బ్రేకు లేని ట్రైలరు బరువు, సరుకుతో కలిపి, 750 కిలోలు దాటకూడదు. ఎందుకంటే లాగడం ఇంజను పని. ఆపడం మాత్రం ముందు బండి బ్రేకులు ఒక్కటే చేయాలి.

ఇంజనులో తిరగలి పిడి

మా మరిది చూసి వచ్చినవి మూడు బండ్లు. ఒకటి టాటా ఎస్టేట్. 1992లో వచ్చింది. వెనక సామాను చోటుతో పొడుగ్గా ఉండే కారు, ఇంగ్లీషువాళ్ళు స్టేషన్ వాగన్ అనే రకం. రెండోది 1994లో వచ్చిన టాటా సుమో. సినిమాల పుణ్యమా అని సీమ పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది అదే! మూడోది రంగు వెలిసిన పాత మహీంద్రా కమాండర్ జీపు.

ఎస్టేట్‌లోనూ, ఆనాటి సుమోలోనూ ఉన్నది ఒకే 1948 సీసీ డీజిల్ ఇంజను. కమాండర్‌లో రెండు రకాలొచ్చాయి. ఒకటి ఫ్రాన్సు దేశపు పెజో కంపెనీ డిజైను మీద చేసిన ఎక్స్‌డీపీ, 2112 సీసీ. రెండోది ఎండీఐ, 2523 సీసీ, ట్రాక్టరు ఇంజను వంశంలో పుట్టింది. హార్స్‌పవర్ చూస్తే ఏదీ 70 దాటదు. మరి తేడా ఎక్కడుంది?

మన తిరగలి గుర్తు తెచ్చుకోండి. పిడి నడుమకు దగ్గరగా ఉంటే తిప్పలేక చేతులు పడిపోతాయి. అంచున ఉంటే అదే చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఇంజనులోనూ అంతే. పిస్టను ఎంత ఎక్కువ దూరం కిందికీ పైకీ నడిస్తే, తిప్పే పిడి అంత దూరాన ఉన్నట్టు. ఎక్స్‌డీపీలో ఆ నడక 83 మిల్లీమీటర్లు, టాటా ఇంజనులో 90, ఎండీఐలో 101.6. పొడుగు నడక ఇంజను సాధారణంగా గబగబా పరుగెత్తదు. కానీ నెమ్మదిగా తిరుగుతూనే గట్టిగా లాగుతుంది. వెనకటి రోజుల్లో కపిల తోలిన ఎద్దులా అన్నమాట. పందెంలో గుర్రం గెలుస్తుంది గానీ, కపిలకు గుర్రాన్ని కట్టరు కదా!

కార్ల పత్రికల్లో ఎంత వేగం పోతుందో రాస్తారు. మనకు కావలసింది నీళ్ళ ట్రైలరుతో నిలబడ్డ బండి, క్లచ్ కాల్చకుండా, ఇంజను అరవకుండా కదలడం. ఈ లెక్కన ఎండీఐకి మార్కులు పడ్డాయి. మనుషుల సౌకర్యానికి మాత్రం ఎస్టేటే మేలు. అందులో అనుమానం లేదు.

ముసలి ఇంజను నాడి

ముప్పై ఏళ్ళ నాటి బండికి పేరుకంటే ఆరోగ్యం ముఖ్యం. మెకానిక్ చేసిన పరీక్షలు మనం పక్కన నిలబడి చూడగలిగినవే.

పొద్దున్నే చల్లటి ఇంజనును స్టార్టు చేయించండి. మనం వెళ్ళేసరికే వేడి చేసి పెట్టారంటే అనుమానించాల్సిందే. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిలు కాలుతున్నట్టు. వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తుంటే లోపల నీళ్ళు చేరుతున్నాయేమో చూపించాలి. ఇంజను తిరుగుతుండగా ఆయిలు పోసే మూత తీస్తే అక్కడి నుంచి గుప్పుగుప్పున ఆవిరిలా తంతుంటే పిస్టన్లు, రింగులు అరిగిపోయినట్టు.

రేడియేటరు మూత మాత్రం ఇంజను చల్లగా ఉన్నప్పుడే తీయాలి. మన బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి సున్నం పేరుకుంటుంది చూడండి, ఏళ్ళ తరబడి అవే నీళ్ళు పోస్తే రేడియేటరు లోపలా అదే పేరుకుంటుంది. ఖాళీగా తిరిగినప్పుడు బయటపడదు. బరువు లాగుతూ మే నెల ఎండలో ఎత్తు ఎక్కినప్పుడు పొంగుతుంది.

క్లచ్‌కు ఒక చిట్కా ఉంది. చదునైన చోట, ముందూ వెనకా మనుషులెవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరు వేసి మెల్లగా క్లచ్ వదలాలి. ఇంజను ఆగిపోతే క్లచ్ పట్టు ఉన్నట్టు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టు.

చివరగా చాసిస్ కింద దీపం పెట్టి చూడాలి. ట్రైలరు తగిలించే కొక్కెం చాసిస్ కమ్మీలకు బోల్టులతో బిగించాలి. బంపరుకు వెల్డింగు చేస్తే అది ఎప్పుడో ఒకప్పుడు ఊడి వస్తుంది.

నిండుకుండ తొణకదు

ఈ సామెత నీళ్ళ ట్యాంకుకు అచ్చంగా సరిపోతుంది. సగం నిండిన ట్యాంకుతో బ్రేకు వేస్తే లోపలి నీళ్ళన్నీ ఒక్కసారిగా ముందుకొచ్చి బండిని తోస్తాయి. మలుపులో పక్కకు లాగుతాయి. అందుకే ట్యాంకు లోపల అడ్డు పలకలు పెట్టించాలి. చిన్న ట్యాంకును నిండుగా తేవడం, పెద్ద ట్యాంకును సగం తేవడం కంటే క్షేమం.

రెండు చక్రాల ట్రైలరయితే మొత్తం బరువులో సుమారు పదో వంతు కొక్కెం మీద ఆనాలి. బరువంతా వెనక్కి పోతే ట్రైలరు పాము తోకలా ఊగుతుంది. కొక్కెంతో పాటు గొలుసు కూడా ఉండాలి. వెనక ఎర్ర దీపాలు, రేడియం స్టిక్కర్లు లేకుండా చీకట్లో రోడ్డెక్కకూడదు. దిగుడులో బ్రేకు మీదే ఆధారపడకుండా, ఎక్కిన గేరులోనే దిగాలి.

కాగితాలు మన చేతికి

ఎస్టేట్ తళతళా మెరుస్తోంది. "ఇంజను కొత్తగా మార్చినాం" అని అమ్మేవాడు గొప్పగా చెప్పాడు. మార్చడం తప్పు కాదు. కానీ ఇంజను మీది నంబరూ, ఆర్‌సీలోని నంబరూ కలవలేదు! దాంతో ఆ బేరం అక్కడే ఆగిపోయింది. కారులో లోపమేం లేదు, కాగితంలోనే ఉంది. సుమో మీద ఫైనాన్సు బాకీ తీరినట్టు ఆర్‌సీలో రాయించలేదు. అదీ వద్దనుకున్నాం.

సొంత బండికి 15 ఏళ్ళు నిండాక ఫిట్‌నెస్ చూపించి, అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఈ రుసుము కార్లకు 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5 వేలకు పెరిగింది. 20 ఏళ్ళు దాటిన వాటికి 2025లో ఇంకా పెంచారు. బండి ధరతో పాటు ఇదీ లెక్కలో వేసుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలరు కూడా మోటారు వాహనమే. దానికీ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు కావాలి. కొక్కెం వేయించే ముందే రవాణా శాఖ ఆఫీసులో అడిగి, డ్రైవింగు లైసెన్సు సరిపోతుందో లేదో కూడా తెలుసుకోవడం మంచిది. సొంత బండితో నీళ్ళు తెచ్చి అమ్ముకుంటామంటే కుదరదు. దానికి రిజిస్ట్రేషన్ వేరు.

చివరికి మా వాళ్ళు ఎండీఐ ఇంజనున్న కమాండర్ తీసుకున్నారు. ధర తక్కువ కాబట్టి నాలుగు గాజుల్లో రెండే బ్యాంకుకు పోయాయి. మిగిల్చిన దాంట్లో కొంత పెట్టి బ్రేకులన్నీ కొత్తగా వేయించారు. ట్యాంకు దగ్గర మాత్రం ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. వెయ్యి లీటర్లదే కావాలని మరిది, వద్దని మేము. ఊరి వెల్డింగు షాపులో ట్రైలరుకు బ్రేకు పెట్టడం రాదన్నారు. అలాంటప్పుడు 500 లీటర్లే దారి. ఇనుముతో కలిపి 750 కిలోలు దాటదు. వారానికి ఆరు ట్రిప్పులకు బదులు పన్నెండు అవుతాయి. 48 కిలోమీటర్లకు బదులు 96. డీజిలు ఎక్కువే, నిజమే. "దినానికి రెండు ట్రిప్పులు. బిందెలు మోసిన దానికంటే కష్టమా?" అని తోడికోడలు తేల్చేసింది.

మీకున్నవి మూడు నాలుగు వందల చెట్లయితే ఈ లెక్క పనికిరాదు. అప్పుడు నలుగురు రైతులు కలిసి ట్రాక్టరు ట్యాంకరు మాట్లాడుకోవడమే నయం. జీపుతో అంత నీళ్ళు తేవాలంటే ఇంజనూ మిగలదు, మనిషీ మిగలడు.

ఏ బండి అయినా సరే, గాజులు తీసే ముందు ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసుకోండి. ఎంత బరువు లాగాలి? ఏ ఇంజను, దాని ఆరోగ్యం ఎలా ఉంది? నిండు బరువుతో ఎంత దూరంలో ఆగుతుంది? కాగితాలన్నీ కలుస్తున్నాయా? నాలుగింటికీ జవాబు దొరికాకే బీరువా తాళం తీయండి. రంగు సంగతంటారా... దుమ్ము రోడ్డు మీద వారం తిరిగితే అన్ని బండ్లదీ ఒకటే రంగు!