మ్యాక్సిమ్ సైలెన్సర్, లీవర్ రైఫిల్

మెషిన్ గన్ కనిపెట్టిన హైరమ్ మ్యాక్సిమ్‌కు ఆ మోతల మధ్యే చెవులు దెబ్బతిన్నాయి. ఆయన కొడుకు పెర్సీ మ్యాక్సిమ్ మోత తగ్గించే దారి వెతికాడు. తొట్టెలో నీళ్లు సుడి తిరుగుతూ తూములోకి పోవడం చూసి పెర్సీకి ఈ ఆలోచన తట్టిందని చెబుతారు. 1909 మార్చి 30న అమెరికాలో పేటెంటు వచ్చింది. థియోడర్ రూజ్‌వెల్ట్ తన వించెస్టర్ 1894 రైఫిల్‌కు ఈ సైలెన్సర్ పెట్టించుకున్నాడు. అది లీవర్ తుపాకీ. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న పిడిని కిందికి తోసి మళ్లీ పైకి లాగితే, పేలిన తూటా తొడుగు బయటపడి కొత్త తూటా లోపలికెళుతుంది.

తుపాకీ మందు కాలి పుట్టిన వేడి వాయువు గుండు వెనకే ఒక్కసారిగా బయటికి విరుచుకుపడుతుంది. మనకు వినిపించే పేలుడు అదే. సైలెన్సర్ డబ్బాలో వరసగా అడ్డుగోడలుంటాయి. వాటి మధ్య కంతల్లోంచి గుండు వెళ్లిపోతుంది, వాయువు మాత్రం గదుల్లో చిక్కుకుని, చల్లబడి, నెమ్మదిగా బయటపడుతుంది. పెర్సీ కంపెనీ తర్వాత ఇంజన్ల సైలెన్సర్లూ చేసింది.

సినిమాలో చూపించే నిశ్శబ్దం అబద్ధం. రైఫిల్ మోత 160 డెసిబెల్స్ దాటుతుంది. మంచి సైలెన్సర్ అందులో 20 నుంచి 35 దాకా తగ్గిస్తుంది. 140 దాటిన ఒక్క పేలుడైనా చెవికి ప్రమాదమే కాబట్టి, ఆ తగ్గింపు చాలా విలువైనది. అయితే ధ్వని వేగాన్ని, అంటే సెకనుకు సుమారు 343 మీటర్లను, దాటి పోయే గుండు గాలిని చీలుస్తూ చేసే చప్పుడును ఏ డబ్బా ఆపలేదు.

1934లో అమెరికా ప్రభుత్వం సైలెన్సర్ల మీద 200 డాలర్ల పన్ను వేసింది. అప్పట్లో అది చాలా పెద్ద మొత్తం. 2026 జనవరి 1 నుంచి ఆ పన్ను సున్నా అయింది, రిజిస్ట్రేషన్ మాత్రం తప్పదు.

ఇప్పటి మార్లిన్, హెన్రీ లీవర్ రైఫిళ్లలో కొన్ని బ్యారెల్ కొనకు సైలెన్సర్ బిగించే మరలతోనే వస్తున్నాయి. చేత్తో లీవర్ తిప్పేదాకా వెనక భాగం మూసుకునే ఉంటుంది కాబట్టి, ఆటోమేటిక్ తుపాకీల్లోలా వాయువు కాల్చేవాడి మొహం మీదికి రాదు. అయినా ఎంపికలో తొందర పనికిరాదు. .45-70 రకం తూటాలో గుండు వ్యాసం 11.6 మిల్లీమీటర్లు, .30-30 రకంలో 7.8. చిన్న కంత ఉన్న డబ్బాను పెద్ద తుపాకీకి బిగిస్తే గుండు అడ్డుగోడలకు తగిలి అంతా బద్దలవుతుంది. పెద్ద కంత డబ్బా చిన్న తుపాకీకి పనిచేస్తుంది, మోత కాస్త ఎక్కువగా ఉంటుందంతే. మర కొలతలూ తేడాగా ఉంటాయి, కొనేముందు తప్పకుండా సరిచూడాలి.

ఆ తర్వాత బరువు. లీవర్ రైఫిల్ గొప్పతనమంతా పొట్టిగా, తేలిగ్గా చేతిలో ఒదగడంలోనే ఉంది. కొనకు బరువైన డబ్బా తగిలిస్తే ఆ గుణం పోతుంది. అందుకే కొంచెం మోత ఎక్కువైనా పొట్టి డబ్బాకే నా ఓటు. డబ్బా లావుకు తుపాకీ ముందువైపు గురి గుర్తు కప్పుకుపోకుండా చూసుకోవాలి. ఇక .45-70లో బరువైన గుండును ధ్వని వేగానికి లోపల నడిపితే చీల్పు చప్పుడు కూడా ఉండదు, ఆ తుపాకీతో ఈ పరికరం పూర్తిగా పనిచేసేది అక్కడే.