నీళ్ళ వెంట నడిచిన సిద్ధూలు

క్రికెట్ చూసేవారికి సిద్ధూ పేరు కొత్త కాదు. అయితే అది ఒక్క ఆటగాడి పేరే అనుకుంటే పొరపాటు. పంజాబ్‌లో వేలాది రైతు కుటుంబాలకు అదే ఇంటిపేరు. జాట్ రైతుల్లో సిద్ధూ ఒక పెద్ద గోత్రం. ఈ గోత్రం వాళ్ళంతా అన్నదమ్ముల లెక్క. తమలో తాము పెళ్ళి సంబంధాలు కలుపుకోరు.

వీళ్ళు ఎక్కణ్ణించి వచ్చారు? జైసల్మేర్ కోట కట్టిన భట్టి రాజు జైసల్ సంతతి తామని సిద్ధూలు చెప్పుకుంటారు. మొత్తం జాట్ల గురించి చరిత్రకారుడు ఇర్ఫాన్ హబీబ్ చెప్పింది వేరు. 7, 8 శతాబ్దాల్లో వీళ్ళు సింధు ప్రాంతంలో పశువులు మేపుకునేవారట. మెల్లగా పంజాబ్‌కు ఎక్కి వచ్చి, 16వ శతాబ్దం నాటికి గట్టి సేద్యగాళ్ళయ్యారు. ఎద్దులు తిప్పితే కుండల దండతో బావి నీళ్ళు తోడే చక్రం అందుకు తోడ్పడిందని ఆయన అంటారు. అంటే నీరు చేతికొచ్చాకే కాపరి రైతయ్యాడన్నమాట!

17వ శతాబ్దంలో ఫూల్ అనే సిద్ధూ పెద్ద, సట్లెజ్ నదికి దక్షిణాన ఉన్న మాల్వాలో స్థిరపడ్డాడు. పటియాలా, నాభా, జింద్ సంస్థానాలు ఏలింది ఆయన సంతతే. బరాడ్ శాఖ వాళ్ళు ఫరీద్‌కోట్ ఏలారు. ఆ గోత్రంలో మిగతావాళ్ళు మాత్రం నాగలి మేడి వదల్లేదు. పటియాలా పల్లెల్లో కౌలుదార్లకు ఏళ్ళ తరబడి పోరాడాకే, 1953 చట్టంతో భూమి హక్కు దక్కింది. పాలకుడు రైతు కులం వాడైనంత మాత్రాన కౌలుదారు కష్టం తీరదని మరిచిపోవద్దు.

ఆ తర్వాత మాల్వా రైతుల్ని కాలువలే నడిపించాయి. 1882లో సర్హింద్ కాలువ పారింది. 1892 నుంచి చీనాబ్ కాలువ కింద లాయల్‌పూర్ బీళ్ళకు పంజాబ్ జాట్లు తరలిపోయారు. 1927లో గంగ కాలువ వచ్చాక రాజస్థాన్‌లోని గంగానగర్ ఇసుక నేలకు చేరారు. 1947 విభజనలో లాయల్‌పూర్ భూములు పోగొట్టుకుని వచ్చినవాళ్ళలో కొందరు హిమాలయాల కింద తరాయి అడవులు కొట్టి పొలాలు చేశారు.

మనకిది వింత కాదు. కోస్తా జిల్లాల రైతులు తుంగభద్ర ఆయకట్టు వెతుక్కుంటూ గంగావతి, సింధనూరు వెళ్ళి క్యాంపులు కట్టుకోలేదా?

అయితే ఇప్పుడు ఎటు పోతారు? పంజాబ్‌లో చాలా బ్లాకుల్లో, భూమిలోకి ఇంకేదానికంటే బోర్లు తోడేదే ఎక్కువ. గడువు తేదీకి ముందు వరి నాటకూడదని అక్కడ 2009లో చట్టమే చేశారు. నీళ్ళున్న చోటు వెతుక్కుంటూ ఎన్ని వందల మైళ్ళైనా నడిచిన వాళ్ళకే ఈ గతి పట్టిందంటే, రెండెకరాల రైతు సంగతి చెప్పాలా?

కనుక ఎండిన బోరు పక్కన ఇంకో బోరుకు అప్పు చేసే ముందు ఒక్క క్షణం ఆగండి. గట్లు బలంగా వేసుకోండి. వాన నీటిని చేనులోనే ఇంకనివ్వండి. బోరు కింద వరి తగ్గించి ఆరుతడి పైరు వేయండి. నీళ్ళ కోసం ఊరు మారే రోజులు పోయాయి. ఉన్న ఊళ్ళోనే నీటిని నిలుపుకోవాలి.