కాళ్లు లెక్కపెట్టాకే మందు కొట్టండి: వరి చేలో ఏ జీవి, ఏ దశలో ఉంది?

కృష్ణా డెల్టాలో సార్వా వరి పిలకలు వేసే రోజుల్లో మందుల షాపుల దగ్గర తరచూ వినిపించే మాట: "చేలో పురుగు పడింది, గట్టి మందు ఇవ్వండి." ఏ పురుగో, ఏ దశలో ఉందో చూడకుండా కొడితే డబ్బు పోతుంది, మేలు చేసే జీవులు చస్తాయి, అసలు పురుగు మిగులుతుంది. అందుకే పిచికారీకి ముందు చేలోకి దిగి రెండు సంగతులు చూడండి. దానికి ఎన్ని కాళ్లు? దాని వయసెంత?

ఆరు కాళ్లుంటే కీటకం

కీటకం శరీరం తల, రొమ్ము, పొట్ట అని మూడు భాగాలు. ఆరు కాళ్లూ రొమ్ముకే ఉంటాయి. గొంగళి పురుగుకు పొట్ట కింద కనిపించే మెత్తటి కాళ్లు అసలు కాళ్లు కావు, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. సుడిదోమ, కాండం తొలుచు పురుగు కీటకాలే. పురుగుల్ని తినే అక్షింతల పురుగు, తూనీగ కూడా కీటకాలే.

ఎనిమిది కాళ్లుంటే కీటకం కాదు

సాలీడు, నల్లి ఈ జాతివి. చేలో తిరిగే సాలీడు రోజుకు 5 నుంచి 15 పురుగుల్ని తింటుంది. అది మీకు కూలి అడగని పనివాడు. కంకినల్లి మాత్రం శత్రువు. కంటికి ఆనదు, ఆకు తొడిమ లోపల భూతద్దంతో వెతకాలి. తొడిమపై గోధుమ రంగు మచ్చలు, రంగు మారిన తాలు గింజలు దీని గుర్తులు. పురుగు మందులు చాలావాటికి నల్లి చావదు. స్పైరోమెసిఫెన్ లాంటి నల్లి మందే కావాలి.

సుడిదోమ: మందు కొట్టినా మళ్లీ ఎందుకు కనిపిస్తుంది?

తల్లి దోమ గుడ్లను ఆకు తొడిమ కణజాలం లోపల పెడుతుంది. పిచికారీ మందు చాలావరకు వాటిని తాకదు. లోపల పిల్ల తయారై సుమారు వారానికి బయటికొస్తుంది. అది ఐదుసార్లు కుబుసం విడిచి రెక్కల దోమ అవుతుంది. కాబట్టి వారం తర్వాత పిల్లలు కనిపిస్తే మందు కల్తీదని వెంటనే అనుకోవద్దు. మళ్లీ లెక్క చూసి నిర్ణయించండి.

బుప్రోఫెజిన్ (లీటరు నీటికి 1.6 మి.లీ.) కుబుసం విడవనీయకుండా పిల్లల్ని చంపుతుంది. పెద్ద దోమలు దానికి చావవు, ఫలితం కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి కొడితే సాలీళ్లు చచ్చి దోమ ఇంకా పెరుగుతుంది. వీటిని వాడొద్దు.

కాండం తొలుచు పురుగు: దొరికేది కొద్ది రోజులే

ఆకు చివర గోధుమ రంగు నూగు కప్పిన గుడ్ల సముదాయం కనిపిస్తుంది. సుమారు వారంలో పిల్లలు బయటపడి కాండంలోకి దూరతాయి. దూరాక పిచికారీ మందుకు దొరకడం కష్టం. లోపలే పెరిగి, ప్యూపా అయి, రెక్కల పురుగుగా వస్తాయి. మొవ్వు చచ్చినా, తెల్లకంకి వచ్చినా అప్పటికే నష్టం జరిగినట్టు. నారు కొసలు తుంచి నాటితే గుడ్లు చేలోకి రాకుండానే పోతాయి.

సీసా పరీక్ష

చేలో నాలుగు మూలలా తిరిగి పది గుడ్ల సముదాయాలను ఆకు ముక్కతో సహా తెచ్చి, పొడి గాజు సీసాలో వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి నీడలో ఉంచండి. రోజూ చూడండి.

- ఎక్కువ వాటి నుంచి నల్లటి తలతో చిన్న పురుగులు వస్తే, చేలోనూ అదే జరుగుతోందని అర్థం. మందు వేయాల్సిన సమయం అదే. పలుచగా నీరుంచి ఎకరాకు కార్టాప్ 4జి గుళికలు 8 కిలోలు వేయండి.
- ఎక్కువ వాటి నుంచి నలుసంత కందిరీగలు వస్తే మందు ఆపండి. అవి పురుగు గుడ్డులోనే తమ గుడ్డు పెడతాయి, పురుగు పిల్ల పుట్టకుండానే పోతుంది. ట్రైకోగ్రామా కార్డులు పనిచేసేదీ ఇలాగే.

గుర్తుంచుకోండి

- సుడిదోమకు పిలక దశలో దుబ్బుకు 10–15, ఈనిన తర్వాత 20–25 కనిపిస్తేనే మందు.
- ముందు నీరు తీసి, దుబ్బు మొదళ్లు తడిసేలా కొట్టండి.
- నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. కాలిబాట వదలండి.
- గుర్తుపట్టలేకపోతే ఆ జీవిని సీసాలో వేసి మీ రైతు సేవా కేంద్రానికో, ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రానికో తీసుకెళ్లి చూపించండి. మందు కొనడం ఆ తర్వాతే.