కుక్క చూయింగ్ గమ్ మింగితే... ‘ఏం కాదులే’ అని వదిలేయొద్దు

దసరా రాత్రి దేవరగట్టు జాతరకు ఆలూరు, ఆదోని, హొళగుంద వైపు నుంచీ, అటు కర్ణాటక నుంచీ జనం వస్తారు. అంగళ్లు వెలుస్తాయి. మర్నాడు పిల్లల జేబుల్లో బఠాణీలతో పాటు చూయింగ్ గమ్ ప్యాకెట్లు కూడా ఉంటాయి. చొక్కా విప్పి మంచం మీద పడేస్తే చాలు, వాసన పట్టి కుక్క లాగేస్తుంది.

మామూలు చక్కెర గమ్ ఒకటో రెండో మింగితే చాలావరకు మలంలో పోతుంది. కాగితాలతో సహా ప్యాకెట్ అంతా మింగితే మాత్రం పేగుల్లో అడ్డుపడొచ్చు. అసలు భయం ‘షుగర్ ఫ్రీ’ గమ్‌తోనే. అందులో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు. ప్యాకెట్ వెనక 967 అనే నంబరు ఉన్నా అదే. మనిషికి దీంతో ప్రమాదం లేదు, షుగర్ ఉన్న పెద్దలు కూడా నములుతారు. కుక్క ఒంట్లో మాత్రం క్లోమం దీన్ని చక్కెర అనుకుని ఇన్సులిన్‌ను ఒక్కసారిగా వదిలేస్తుంది. దాంతో రక్తంలో ఉన్న చక్కెర పడిపోతుంది.

లెక్క చూడండి. కుక్క బరువు కిలోకు 0.1 గ్రాము జైలిటాల్ చాలు, చక్కెర పడిపోవడానికి. కిలోకు 0.5 గ్రాము దాటితే కాలేయమే దెబ్బతినొచ్చు. కొన్ని గమ్‌లలో ఒక్కో బిళ్లకు గ్రాము దాకా ఉంటుంది. అంటే 15 కిలోల కాపలా కుక్కకు రెండు బిళ్లలు, 4 కిలోల పొమేరియన్‌కు సగం బిళ్ల కూడా ముప్పే.

వాంతి, నీరసం, తూలుతూ నడవడం, ఫిట్స్... ఇవి అరగంటలోనే కనబడొచ్చు. గమ్ నుంచి జైలిటాల్ మెల్లగా దిగుతుంది కాబట్టి ఒక్కోసారి 12 గంటలు కూడా పట్టొచ్చు. అందుకే ‘బాగానే తిరుగుతోంది కదా’ అని ఆగకూడదు.

ఉప్పునీళ్లు తాగించి కక్కించే అలవాటు మన దగ్గర ఉంది. అది చేయొద్దు, ఉప్పే విషమవుతుంది. నీరసపడిన కుక్కను కక్కిస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కక్కించాలా వద్దా అనేది డాక్టర్ చూసుకుంటారు. మజ్జిగ, నూనె పోసినా లాభం లేదు.

ఖాళీ ప్యాకెట్ చేతిలో పట్టుకుని ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి. పోయే వీలు లేకుంటే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనాల నంబరు అది. ఎన్ని బిళ్లలు, ఎప్పుడు తినింది, కుక్క బరువు ఎంత అనేవి చెప్పాలి. అక్కడ గ్లూకోజ్ ఎక్కిస్తారు. కుక్క కోలుకున్నట్టు కనబడినా రెండు మూడు రోజులు కాలేయాన్ని గమనించాల్సిందే.

దారిలో కుక్క తూలుతుంటే చిగుళ్లకు కొంచెం తేనెగానీ చక్కెర పాకంగానీ రాయండి. స్పృహ తప్పితే, ఫిట్స్ వస్తుంటే నోట్లో ఏమీ పోయొద్దు, వేళ్లు పెట్టొద్దు. కుక్క ఎంగిలి తగులుతుందని మన ఇళ్లలో చాలామంది వెనకాడతారు. చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుంటే సరిపోతుంది, తర్వాత కడుక్కోవచ్చు.

జైలిటాల్ కొన్ని టూత్‌పేస్టులు, మౌత్‌వాష్‌లు, షుగర్ ఫ్రీ మిఠాయిల్లో కూడా ఉంటుంది. వాటినీ కుక్కకు అందని అల్మారాలోనే పెట్టండి.