87 చాలా, 93 కావాలా?

రూట్ 1 మీద ప్లెయిన్స్‌బరో దగ్గర బంకులోకి బండి తిప్పితే దిగే పనే లేదు. న్యూజెర్సీలో 1949 నాటి చట్టం ఇంకా అమల్లో ఉంది కాబట్టి పెట్రోలు మనం కొట్టుకోకూడదు, బంకు మనిషే కొట్టాలి. అద్దం దించి కార్డిచ్చి ఒక్క మాట చెబితే చాలు: రెగ్యులరా, ప్లస్సా, ప్రీమియమా? ఆ ఒక్క మాటకి ఏడాదికి 360 డాలర్లు పడొచ్చు.

ఎలాగంటే, రెగ్యులర్ గ్యాలన్ 3.20 డాలర్లు, ప్రీమియం 4.10 అనుకుందాం. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగే బండి గ్యాలనుకి 30 మైళ్లిస్తే 400 గ్యాలన్లు తాగుతుంది. గ్యాలనుకి 90 సెంట్ల తేడా అంటే మొత్తం 360 డాలర్లు. ఇప్పుడు ధరలు పెరిగి రెగ్యులర్ 5 డాలర్లు, ప్రీమియం 5.90 అయ్యాయనుకోండి. తేడా అప్పుడూ 90 సెంట్లే, ఏడాదికి అదే 360 డాలర్లు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ లెక్కలోనే ఉంది. ముడి చమురు పెరిగినా, పన్ను పెరిగినా, భారం అన్ని రకాల మీదా ఇంచుమించు సమానంగా పడుతుంది. 2016 నవంబరు 1న న్యూజెర్సీ పెట్రోలు పన్ను 14.5 సెంట్ల నుంచి ఒక్కసారిగా 37.5 సెంట్లకి ఎక్కినప్పుడు, రెగ్యులర్ మీద పడింది 23 సెంట్లే, ప్రీమియం మీద పడిందీ 23 సెంట్లే.

అయినా ధర పెరగ్గానే మనం చేసే మొదటి పని రకం మార్చడం. జస్టీన్ హేస్టింగ్స్, జెస్సీ షపీరో అనే ఆర్థికవేత్తలు కుటుంబాల పెట్రోలు కొనుగోళ్లని పరిశీలించి 2013లో ఒక పత్రం ప్రచురించారు. ధర పెరిగితే జనం కింది రకానికి దిగుతున్నారు. జేబులో డబ్బు తగ్గినందువల్ల దిగుతున్నారనుకుంటే లెక్క కుదరదు, అంతకంటే చాలా ఎక్కువగా దిగుతున్నారు. 2008 దీనికి మంచి సాక్ష్యం. ఆ జులైలో 4 డాలర్లు దాటిన గ్యాలన్ ఏడాది చివరికి 2 డాలర్ల లోపుకి పడింది. ఉద్యోగాలు ఊడుతున్న రోజులవి. అయినా జనం పై రకానికి మళ్లారు. పెట్రోలుకని మనసులో ఒక డబ్బా పెట్టుకుంటాం; అందులో చిల్లర మిగిలితే ప్రీమియం, ఖాళీ అయితే రెగ్యులర్. ఇంజనుకి మాత్రం ఆ డబ్బా సంగతి తెలియదు.

మరి ఇంజనుకి కావలసిందేమిటి? సిలిండరులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని నొక్కి, సరైన క్షణంలో నిప్పురవ్వ ముట్టిస్తారు. ఆ ఒత్తిడికి కొంత మిశ్రమం తనంతట తానే భగ్గుమంటే లోపల టకటకమని కొట్టుకుంటుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దాన్నే. ఆ ఒత్తిడిని పెట్రోలు ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పేదే ఆక్టేన్ అంకె; ఇక్కడ రెగ్యులర్‌కి 87, ప్లస్‌కి 89, ప్రీమియంకి 93. అది బలాన్ని చెప్పే అంకె కాదు, స్వచ్ఛతని చెప్పేదీ కాదు. 87కి సరిపోయే ఇంజనులో 93 పోయించడం ఇడ్లీ రవ్వకి బాస్మతి బియ్యం మరపట్టించడం లాంటిది. బియ్యం ఖరీదైందే, ఇడ్లీ మాత్రం మెరుగవదు.

కొత్తగా వచ్చినవాళ్లకి ఇంకో అనుమానం: "మన దగ్గర మామూలు పెట్రోలే 91 ఉండేది కదా, ఇక్కడ 87 ఏమిటి, నాసిరకమా?" కాదు. ఇండియాలో రాసేది రీసెర్చ్ ఆక్టేన్. ఇక్కడ పంపు మీది పసుపు చీటీలో రాసేది రెండు పరీక్షల సగటు, అందుకే చిన్నదిగా కనిపిస్తుంది. అక్కడి 91, ఇక్కడి 87 దాదాపు ఒకటే.

పెట్రోలు మూత లోపలి వైపు, లేదంటే బండి పుస్తకంలో, మీ జవాబు అచ్చయి ఉంటుంది. 87 అనో రెగ్యులర్ అనో ఉంటే అక్కడితో సరి. ఇలాంటి బళ్లలో అనవసరంగా ప్రీమియం పోయించి అమెరికన్లు ఒక్క ఏడాదిలో 210 కోట్ల డాలర్లు వదులుకున్నారని ట్రిపుల్ ఏ (AAA) అనే వాహనదారుల సంఘం 2016లో లెక్క తేల్చింది. ప్రీమియం తప్పనిసరి అని రాసి ఉంటే మాత్రం ధర ఎంత పెరిగినా దిగకండి. అక్కడ మిగిల్చిన 360 డాలర్లు ఇంజను రిపేరుకి ఓ మూలకి కూడా చాలవు.

చిక్కంతా ప్రీమియం మంచిదని సలహా మాత్రమే ఇచ్చే బళ్లతో. అలాంటి వాటిని ట్రిపుల్ ఏ 2017లో పరీక్షిస్తే, ప్రీమియంతో మైలేజీ సగటున 2.7 శాతం పెరిగింది. రెగ్యులర్ 3.20 ఉన్నప్పుడు ఆ లాభం గ్యాలనుకి 9 సెంట్లు, 5 డాలర్లు ఉన్నప్పుడు 13.5 సెంట్లు. మనం పెట్టే అదనం 90 సెంట్లు. మైలేజీతోనే ఆ డబ్బు తిరిగి రావాలంటే రెగ్యులర్ గ్యాలన్ 33 డాలర్లు దాటాలి! శక్తి కావాలనుకుంటే అది వేరే మాట. 2022 మాజ్డా సీఎక్స్-5 టర్బో 93తో 256 హార్స్‌పవర్, 87తో 227 ఇస్తుంది. ఆ 29 కోసం డబ్బు పెట్టడం మీ ఇష్టం, తప్పేమీ లేదు. కాకపోతే దాన్ని పొదుపు అనకూడదు.

మధ్యలో ఉండే 89 చాలా బంకుల్లో విడిగా ఉండదు, పంపులోనే 87, 93 కలిపి ఇస్తారు. రెండు వంతులు 87, ఒక వంతు 93 కలిస్తే 89. రెగ్యులర్ మీద దానికి పెట్టే అదనం, రెగ్యులర్‌కీ ప్రీమియంకీ ఉన్న తేడాలో మూడో వంతు కంటే ఎక్కువ ఉంటే మీరు నష్టపోతున్నట్టే. 91 చాలనే బండికి 4 గ్యాలన్లు 87, 8 గ్యాలన్లు 93 పోయిస్తే సరిగ్గా 91 అవుతుంది, ట్యాంకుకి 3.60 మిగులుతుంది. బంకు మనిషికి రెండుసార్లు చెప్పాలి, అంతే.

ఇంజను శుభ్రంగా ఉండాలనేవాళ్లు రకాన్ని కాదు, బంకు మీద టాప్ టియర్ గుర్తుని చూడాలి. ఆ గుర్తున్నచోట రెగ్యులర్‌లోనూ శుభ్రపరిచే రసాయనం తగినంత ఉంటుంది. అది లేని పెట్రోలుతో 4,000 మైళ్లకి మసి 19 రెట్లు ఎక్కువ పేరుకుందని ట్రిపుల్ ఏ పరీక్షలోనే తేలింది.

2022 జూన్ 14న దేశంలో సగటు ధర 5.02 డాలర్లకి చేరింది. మళ్లీ అలాంటి రోజొస్తే బోర్డు చూసి రకం మార్చకండి. ఈ వారాంతంలోనే పెట్రోలు మూత తెరిచి లోపలి వైపు చదవండి. అక్కడ ప్రీమియం మాటే లేకపోతే, ధర 3 డాలర్లున్నా 5 డాలర్లున్నా అద్దం దించి రెగ్యులర్ అనే చెప్పండి.